ఉమ్మడి గాదె: గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితం

పంట చేతికి వచ్చిన రైతు ధాన్యాన్ని గాదెలో పోసుకుంటాడు. ఆ గాదె ఒక్క ఇంటిదైతే ఆ ఇల్లు మాత్రమే తింటుంది. ఊరుమ్మడిదైతే కరువునాడు ఊరంతా బతుకుతుంది. విద్యకు కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఒక పండితుడు జీవితమంతా కూడబెట్టిన జ్ఞానం ఆయన పెట్టెలోనే ఉండిపోతే ఆయనతోనే అంతరిస్తుంది. పదిమంది చేతికి అందేచోట, పదిమంది సరిచూడగల రూపంలో భద్రపరిస్తే ఆయన తరువాత కూడ పెరుగుతూనే ఉంటుంది. నేడు వివిధ దేశాల శాస్త్రజ్ఞులు తమ పత్రాలను, కొలతలను, చిత్రాలను ఒకే కంప్యూటరు భాండాగారంలో ఉంచి, ఎక్కడివారు అక్కడే ఉండి కలిసి పనిచేస్తున్నారు. ఇది ఈ కాలపు వింత అని విద్యార్థులు భావించవచ్చు. కాని ఈ పద్ధతికి ప్రాణమైన నియమాలను నూరేళ్ళకు పూర్వమే మన ఉత్తరాంధ్రలో ఒక ఉపాధ్యాయుడు ఆచరించి చూపారు. వారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా వారిని ఎరుగని తెలుగువాడు లేడు. ఆ కీర్తి వెనుక దాగిన మరొక గుణాన్ని, అంటే సేకరించినదంతా లోకానికి అప్పగించే గుణాన్ని, ఈ వ్యాసంలో స్మరించాలని మేము సంకల్పించాము.

పంతులుగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. వంశధార నది, దాని ఒడ్డున ప్రాచీన దేవాలయాలు, పడమటి దిక్కున నీలిరంగులో కనిపించే కొండలు, ఆ కొండలనుంచి సంతలకు దిగివచ్చే సవరలు: ఇవే ఆ బాలుడు కన్న తొలి లోకం. ఆయన జీవితకాలపు పరిశోధనకు కావలసిన సామగ్రి అంతా ఆ నాలుగైదు ఆమడల మేరలోనే ఉన్నదని అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

1875లో తండ్రి మరణించగా పన్నెండేళ్ళ ప్రాయంలో ఆయన విజయనగరం చేరి, మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం తరువాతి కాలంలో తెలుగు భాష చరిత్రనే మలుపు తిప్పింది. మెట్రిక్యులేషను ముగిసిన వెంటనే, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా కుదిరారు. కళాశాలకు వెళ్ళి చదివే వీలు లేక ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైనారు. 1911లో పదవీ విరమణ చేసే వరకు, ముప్ఫయి సంవత్సరాలకు పైగా, పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. పెద్ద గ్రంథాలయాలు గాని, విశ్వవిద్యాలయాలు గాని దగ్గరలో లేవు. చరిత్రను గూర్చి గాని భాషను గూర్చి గాని ఆయనకు కలిగిన సందేహాలను తీర్చగల గురువులు ఆ ఊరిలో లేరు. ఆ లోటే ఆయనకు గురువైనది.

మొదటి పాఠం శ్రీముఖలింగం రాళ్ళు నేర్పాయి. మధుకేశ్వరాలయపు గోడలపైన, స్తంభాలపైన చెక్కిన శాసనాలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిని నాడు చదవగలిగినవారు అరుదు. పూజకు వచ్చినవారు వాటిని చూసి నమస్కరించి వెళ్ళేవారు. చరిత్ర బోధించే రామమూర్తి పంతులుగారికి తన ఊరి చరిత్ర తన కళ్ళ ఎదుట ఉండికూడ తనకు అందకపోవడం సహించరానిదైనది. ప్రాచీన లిపులను వివరించే గ్రంథాలు తెప్పించుకుని, ఎవరి సాయమూ లేకుండా ఆ లిపులను పట్టుబట్టి నేర్చారు.

శాసనాన్ని చదవడం ఒక ఎత్తు, చదివినదాన్ని ఇతరులు నమ్మేటట్లు చేయడం మరొక ఎత్తు. నేను చదివాను, ఇందులో ఇలా ఉన్నది అంటే శాస్త్రలోకం ఒప్పుకోదు. శాసన పరిశోధనలో అప్పటికే ఒక చక్కని పద్ధతి ఏర్పడి ఉన్నది. తడిపిన కాగితాన్ని రాతిపై పరచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంతలలోకి దిగేటట్లు చేసి, పైన సిరా అద్దుతారు. గుంతలలోని అక్షరాలు తెల్లగాను, మిగిలిన భాగం నల్లగాను వస్తుంది. ఆ నకలును, పంక్తి పంక్తికి మూలపాఠాన్ని, అర్థాన్ని, వివరణను ఒకేచోట ప్రకటిస్తారు. ఎపిగ్రాఫియా ఇండికా అనే పత్రిక ఈ పనికి వేదిక. అప్పటి సంపాదకుడు హుల్ట్జ్ అనే జర్మను పండితుడు. దేశం నలుమూలలనుంచి శాసనాలు ఆ పత్రికకు చేరేవి. కాశ్మీరంలో ఉన్న పండితుడు కళింగ శాసనాన్ని తన బల్లమీద పెట్టుకుని చదవవచ్చు, తప్పు కనిపిస్తే మరుసటి సంపుటంలో దిద్దవచ్చు. కంప్యూటరు లేని కాలంలో ఇది నిజమైన ఉమ్మడి భాండాగారమని మేము భావిస్తాము.

ఆ భాండాగారానికి పర్లాకిమిడి ఉపాధ్యాయుడు తన వంతు చేర్చారు. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో లభించిన గంగరాజు వజ్రహస్తుని రాగిరేకులను ఆయన పరిష్కరించారు. అవి శక సంవత్సరం 979, అనగా క్రీ. శ. 1057 నాటివి. ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ఆ పరిష్కరణ ఆయన పేరుతో వెలువడింది. తూర్పు గంగుల రాజధాని అయిన కళింగనగరం ఏది అనే ప్రశ్న అప్పట్లో పండితుల మధ్య వివాదంగా ఉండేది. సముద్రతీరంలోని కళింగపట్నమే అది అని కొందరు తలచేవారు. శ్రీముఖలింగమూ దాని పక్కనున్న నగరి కటకమూ కలిసినదే కళింగనగరమని పంతులుగారు శాసనాధారాలతో నిరూపించబూనారు. తరువాతి చరిత్రకారులు పలువురు ఆ నిర్ణయాన్ని ఆమోదించారు. పుట్టిన ఊరిమీది మమకారంతో ఆయన ఆ మాట అనలేదు. ఎవరైనా తిరిగి చూడగల రాతిని, రేకును సాక్ష్యంగా నిలిపి అన్నారు. ఇక్కడే ఆయన జీవిత సూత్రం స్థిరపడింది. ఆధారం అందరిదీ కావాలి, అప్పుడే వాదన నిలుస్తుంది.

రెండో పాఠం కొండలు నేర్పాయి. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. సంతలో వర్తకుడు చెప్పిన లెక్కను, కచేరీలో గుమస్తా రాసిన కాగితాన్ని వారు నమ్మి మోసపోవలసినదే. వారికి చదువు చెప్పాలంటే ముందు వారి భాష తెలియాలని పంతులుగారు గ్రహించారు. తెలుగు వచ్చిన ఒక సవరను తమ ఇంట ఉంచుకుని, భోజనం పెట్టి, ఆయనవద్ద సవర మాటలు నేర్చుకోసాగారు. బ్రాహ్మణ గృహంలో సవర గురువును కూర్చోబెట్టుకోవడం ఆ రోజులలో సామాన్యమైన విషయం కాదు. అది చాలక కొండలెక్కి వారి గూడేలకు వెళ్ళి, మాటలు, పాటలు, కథలు, సామెతలు రాసుకున్నారు. ఇటువంటి శ్రమ ఏడాది రెండేళ్ళు కాదు, దశాబ్దాలు సాగింది.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. సంతాలీ, ముండారీ దానికి బంధువులు. ఇంకా దూరాన కంబోడియాలోని ఖ్మేరు కూడ దానికి జ్ఞాతియే. పదాంతంలో గొంతును బిగబట్టి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని చూపడానికి తెలుగు లిపిలో అక్షరాలు లేవు. వ్యాకరణం మరింత విచిత్రం. నామవాచకానికి పూర్తి రూపం ఒకటి, క్రియలో ఇమిడినప్పుడు వచ్చే పొట్టి రూపం ఒకటి ఉంటాయి. పులిని చెప్పే మాట ఒంటరిగా ఉన్నప్పుడు సుమారుగా కినా అని, క్రియలో ఇమిడితే కిద్ అని వినిపిస్తుంది. పులిని పట్టుకొనడం అనే భావమంతా ఒకే పదంగా బయటికి వస్తుంది. ఇటువంటి భాషకు పదాల పట్టిక మాత్రమే రాస్తే ప్రయోజనం లేదు. వాక్యాలు కావాలి, కథలు కావాలి. ఏ మాట ఎక్కడ ఎలా మారుతుందో చూపే సామగ్రి రాశిగా కావాలి. పంతులుగారు ఆ రాశిని పోగుచేశారు.

అదే కాలంలో గ్రియర్సన్ ఆధ్వర్యంలో భారతదేశ భాషల సర్వే సాగుతున్నది. ముండా, ద్రావిడ భాషల సంపుటాన్ని స్టెన్ కోనో అనే నార్వే పండితుడు తయారుచేయగా 1906లో వెలువడింది. కాని ఆ సర్వే కార్యక్రమం మద్రాసు రాజధానిలో జరగలేదు. నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. అందువల్ల సవర భాషను గూర్చి లోతైన సమాచారం శాస్త్రలోకానికి అందాలంటే స్థానికంగా ఎవరో పూనుకోవలసి ఉన్నది. ప్రభుత్వ యంత్రాంగం చేయని పనిని ఒక బడిపంతులు తలకెత్తుకున్నారన్నమాట. మానవశాస్త్రజ్ఞుడు థర్స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో సవరల అధ్యాయం చదివినవారికి గిడుగువారి పేరు కనిపిస్తుంది. తాను పోగుచేసినది తన గ్రంథం అచ్చయ్యేదాకా దాచుకోవాలనే లోభం ఆయనకు లేకపోయింది.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం మాత్రం సామాన్యమైనది కాదు. మన్యపు జ్వరం పట్టుకున్నది. దానికి వాడిన క్వినైను వికటించి వినికిడి పోయింది. ధ్వనులను విని లిఖించడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి చెవి పోవడం కంటె పెద్ద శిక్ష ఉంటుందా? మరొకరైతే అంతటితో చాలించేవారు. పంతులుగారు చాలించలేదు. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య శాస్త్రజ్ఞుల గ్రంథాలు చదివి, ధ్వని శాస్త్రాన్ని క్షుణ్ణంగా అభ్యసించారు. కుమారుడు సీతాపతిగారు తండ్రికి తోడై ఆ పనిలో పాలుపంచుకున్నారు. ఒక్కరి చెవితో మొదలైన పని పలువురి చెవులతో, నోళ్ళతో, కలాలతో సాగింది. ఉమ్మడి పని అంటే ఏమిటో ఇక్కడ మనకు స్పష్టమవుతుంది. ఒకరి బలహీనతను మరొకరి బలం పూరిస్తుంది.

సవర పిల్లలకోసం ఆయన తెలుగు లిపిలో వాచకాలు, పాటలు, కథల పుస్తకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే తనకు వద్దని, ఆ ధనంతో సవరలకు బడులు పెట్టించవలసినదని కోరారు. తన ఖర్చుతో కూడ బడులు నడిపించారు. శాస్త్రజ్ఞులకోసం చేసిన గ్రంథాలలో మాత్రం ఆయన అంతర్జాతీయ ధ్వని లిపిని ఎంచుకున్నారు. పారిస్‌లో ఉన్నా, చికాగోలో ఉన్నా చదివినవాడికి ఒకే ఉచ్చారణ తెలియాలనే దృష్టితో చేసిన ఎంపిక అది. పిల్లవాడికి పరిచయమైన లిపి పిల్లవాడికి, లోకానికి పరిచయమైన లిపి లోకానికి. ఒకే సామగ్రిని ఎవరికి అందే రూపంలో వారికి అందించారు. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వ ప్రచురణలుగా వచ్చాయి. మొదటిది వెలువడేనాటికి ఆయనకు దాదాపు 68 ఏళ్ళు, రెండోది వెలువడేనాటికి దాదాపు 75. ప్రభుత్వం 1913లో రావు సాహెబ్ బిరుదుతో ఆయనను గౌరవించింది.

మూడో ఘట్టం తెలుగు భాషోద్యమం. దీనిని గూర్చి చాలామంది రాశారు కనుక మేము విస్తరించము. 1906 తరువాత పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉత్తర సర్కారులకు వచ్చిన యేట్స్ దొర, మాట్లాడే తెలుగుకు, పుస్తకాల తెలుగుకు ఉన్న దూరాన్ని చూసి అడిగిన ప్రశ్నలు గిడుగు, గురజాడ, శ్రీనివాస అయ్యంగారు ప్రభృతులను కదిలించాయి. అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులుగారు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలిచారు. 1913లో గిడుగువారు ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రకటించారు. స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాలు వ్యావహారికంలో రాయవచ్చునని కలిగిన వెసులుబాటు కొద్దికాలానికే రద్దయింది. ఓటమిలో కూడ ఆయన ఆవేశంమీద ఆధారపడలేదు. శాసనాలలోని వచనం, పూర్వ కవుల ప్రయోగాలు, వ్యాఖ్యాతల వాక్యాలు, కైఫీయతులు, ఉత్తరాలు వెదకి ఉదాహరణలు గుట్టలుగా పేర్చారు. గ్రాంథికమే రాస్తున్నామని చెప్పుకొనేవారి రచనలలోనే గ్రాంథిక నియమాలు ఎలా తప్పిపోతున్నవో లెక్కపెట్టి చూపారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపి ఆ ఆధారాలను ప్రజల ముందు పరచారు. గద్యచింతామణి వంటి సంకలనాలు ఆ శ్రమకు ఫలితాలే. ముఖలింగం రాతిదగ్గర నేర్చిన పద్ధతినే ఆయన భాషా వివాదంలోనూ ప్రయోగించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది.

ఆయన మిత్రుడు గురజాడ అప్పారావుగారి విషయం ఇక్కడ తలచుకొనక తప్పదు. విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకుడుగా పనిచేసిన గురజాడవారు కళింగ చరిత్ర రాయాలని సామగ్రి సేకరించారు. 1915లో ఆయన మరణించేనాటికి ఆ గ్రంథం పూర్తి కాలేదు. మహాకవి కృషిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయువు ఎవరి చేతిలోనూ లేదు. అందుకే సేకరించినదాన్ని ఎప్పటికప్పుడు ఉమ్మడి గాదెకు చేర్చడం అవసరమని ఆ ఇద్దరు మిత్రుల జీవితాలు పక్కపక్కన పెట్టి చూసినవారికి తోచకమానదు.

వృద్ధాప్యంలో పంతులుగారికి మరొక కష్టం వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగు ప్రాంతాలను ఆ విధంగా కలపడాన్ని వ్యతిరేకించిన ఆయన, అర్ధ శతాబ్దానికి పైగా నివసించిన ఊరిని, ఇంటిని వదలి రాజమహేంద్రవరం తరలిపోయారు. తన సవరలకు దూరమైనారు. విచిత్రమేమంటే అదే 1936లో మంగేయి గమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే స్వంత లిపిని రూపొందించారు. లిపి లేదన్న జాతి తన లిపిని తానే నిర్మించుకున్నది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గిడుగువారిని కళాప్రపూర్ణ బిరుదుతో సన్మానించింది. మరణానికి వారం రోజుల ముందుకూడ పత్రికా సంపాదకులను కలుసుకుని, వార్తలు ప్రజల భాషలో రాయవలసినదని అర్థించారు. 1940 జనవరి 22న పరమపదించారు. ఆయన జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

గాదె సంగతి ఏమైనది? అది ఖాళీ కాలేదు. ఆయన వ్యాకరణంలోని వాక్యాలను ఆధారం చేసుకుని విదేశీ భాషాశాస్త్రజ్ఞులు సవర క్రియా నిర్మాణాన్ని నేటికీ చర్చిస్తున్నారు. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్టాంప్, పట్రీషియా డోనెగన్ అనే పండితులు ముండా భాషల పదసంపదనంతా కంప్యూటరులో ఒకచోటికి చేర్చి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకొనే భాండాగారంగా కూర్చారు. అందులోని ఆధారాలలో గిడుగువారి నిఘంటువు ఒకటి. పర్లాకిమిడి ఇంటిలో ఒక సవర గురువు పలుకగా కాగితంపైకి ఎక్కిన మాట ఆ విధంగా మహాసముద్రాలు దాటింది. ఇక్కడ కూడ ఆ విత్తనం మొలకెత్తింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్య ప్రారంభించినప్పుడు ఎంపికచేసిన ఎనిమిది భాషలలో సవర ఒకటి.

ఒక్క మాట మనవి చేస్తాము. ఆ గ్రంథాల ముఖపత్రంపై ఉన్న పేరు పంతులుగారిది. కాని ఆ సంపదలో సగం, పలికిన సవరలది. ఉమ్మడి పనిలో పేరు ఎవరిది, ఫలం ఎవరిది అనే ప్రశ్న నాడూ ఉన్నది, నేడూ ఉన్నది. పారితోషికం కాదని బడి కోరిన మనిషి ఆ ప్రశ్నకు తన శక్తి కొలది జవాబు చెప్పారని మా నమ్మకం.

ఈ సంచికను ఒక వైపునుంచి తెరిస్తే తెలుగు, మరొక వైపునుంచి తెరిస్తే ఉర్దూ. రెండు లిపులు ఒకే కుట్టుతో నిలిచిన పుస్తకమిది. ఇటువంటి కళాశాలలో చదివే విద్యార్థులకు, ఒక భాష మాట్లాడేవారు కొద్దిమందే అయినంత మాత్రాన ఆ భాష విలువ తగ్గదని వేరే చెప్పనక్కరలేదు. మీ అమ్మమ్మ చెప్పే కథను, మీ వీధిలోని పనివారి మాటలను, మీ ఊరి మసీదుపైనో గుడిపైనో ఉన్న శాసనాన్ని రాసుకోండి. ఎవరు చెప్పారో, ఎక్కడ విన్నారో, ఏ రోజున రాశారో పక్కనే గుర్తించండి. తరువాత దానిని పదిమంది చూడగలచోట ఉంచండి. తప్పు దిద్దేవారిపై కోపించకండి. పంతులుగారు మనకు విడిచివెళ్ళిన గాదె తలుపులు తెరిచే ఉన్నాయి. ధాన్యం తీసుకొనేవారు చాలామంది ఉన్నారు. పోసేవారే ఇంకా కావాలి.